వట్టి చేతులతో నడచు చంద్రుడు



నీ యింటి గోడకు వ్రేలాడుచున్న క్యాలెండరును ఒక్కసారి చూడుము. తేదీ క్రింద చిన్న అక్షరములతో వర్జ్యము, దుర్ముహూర్తము, రాహుకాలము అని గంటలతో సహా అచ్చువేసియుండును. అది కిరాణా కొట్టువారు ఉచితముగా ఇచ్చినది కావచ్చును. దానిపై గొఱ్ఱెపిల్లను ఎత్తుకొన్న కాపరి బొమ్మయే ఉండవచ్చును. "మేము అవి చూడమండీ, పాల లెక్క రాసుకోడానికే పెట్టుకున్నాం" అని నీవందువు. నమ్మెదను. అయినను పెండ్లిబట్టలు కొనుటకు పట్నము పోవు దినమున, క్రొత్త యింటికి గడప నిలుపు దినమున, నీ కన్ను పాల లెక్కను దాటి ఆ చిన్న అక్షరములమీదికి ఎన్నిసార్లు జారినదో నీకును దేవునికిని తెలియును.

నిన్ను గద్దించుటకు ఈ మాటలు వ్రాయుటలేదు. నలువది సంవత్సరములు సంఘపు పనిలోనున్న నా కన్ను కూడ అటు జారినది. కన్ను మాత్రమే కాదు, మాటలాడవలసిన చోట నా నోరు మూతపడినది. ఆ సంగతి ముందుకు పోయిన తరువాత చెప్పుదును. మొదట మనమిద్దరము కూర్చుండి ఒక ప్రశ్నను ఆలోచింతము. ఏమి చేసినను ఫలింపని గడియ యని ఒకటి నిజముగా కలదా? కలదని ఒకవేళ ఒప్పుకొన్నను, ఆ గడియలో మనుష్యుడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదేనా?

ఈ ప్రశ్నను మన వర్జ్యముతో గాక దూరదేశపు సంగతితో మొదలుపెట్టెదను. అలవాటైన వస్తువు కంటికి ఆనదు. పరాయిదైతే త్రిప్పి త్రిప్పి చూతుము.

పాశ్చాత్యుల జ్యోతిషములో "వాయిడ్ ఆఫ్ కోర్స్ మూన్" అను మాట యున్నది. శూన్యగమన చంద్రుడని మనము చెప్పుకొందము. దాని లెక్క కష్టమైనది కాదు. చంద్రుడు ఆకాశమును చుట్టివచ్చు త్రోవను పండ్రెండు రాసులుగా, ఒక్కొక్కటి 30 డిగ్రీలుగా భాగించిరి. అతడు దినమునకు సుమారు 13 డిగ్రీలు నడచును. అనగా ఒక్కొక్క రాశిలో రెండుంబావు దినములకు కొంచెము పైగా ఉండి, 27 దినముల 8 గంటలలోపు చుట్టు పూర్తిచేయును. ఆ నడకలో ఇతర గ్రహములతో కొన్ని కొలతల ఎడమునకు వచ్చును. ఒకేచోట కలియుట ఒకటి. 60, 90, 120, 180 డిగ్రీల దూరమున నిలుచుట మిగిలినవి. ఈ కొలతలకు వచ్చినప్పుడు చంద్రుడు ఆ గ్రహముతో మాట కలిపెనని ఎంచుకొనుము. ఒక రాశిలో చివరి గ్రహముతో మాట ముగించి, తరువాతి రాశిలో అడుగుపెట్టువరకు మరి యెవరితోను మాట కలుపని యెడల, నడుమనున్న ఆ కాలమే శూన్యగమనము. అది నెలకు ఇంచుమించు పండ్రెండు సార్లు వచ్చును. కొన్నిసార్లు నిమిషములలో ముగియును, కొన్నిసార్లు ఒక దినమునకు పైబడి సాగును.

ఆ జ్యోతిష్కుల తలంపులో చంద్రుడు తపాలా బంట్రోతు వంటివాడు. ఒక గ్రహపు వెలుగును మరియొక గ్రహమునొద్దకు మోసికొనిపోవువాడు. సంచిలోని ఉత్తరములన్నియు పంచివేసి, పొరుగూరి పోస్టాఫీసు చేరువరకు వట్టి సంచితో సైకిలు త్రొక్కుచున్న బంట్రోతును తలంచుకొనుము. నడుమ దారిలో అతని నాపి "నాకు ఉత్తరమున్నదా?" అని అడిగినయెడల ఏమి చెప్పును? అందుచేత ఆ వేళ మొదలుపెట్టిన పని తేలదనియు, ఆ వేళ అడిగిన ప్రశ్నకు "ఏమియు జరుగదు" అనునదే జవాబనియు చెప్పిరి. ఇరువదవ శతాబ్దములో ఈ గడియలను ముందుగానే లెక్కకట్టి పట్టికలుగా అచ్చువేసి అమ్మిరి. ఇప్పుడు చేతిలోని ఫోనే చెప్పును.

ఈ విద్యను సామాన్యులు చదువుకొనునట్లు ఇంగ్లీషు భాషలో వ్రాసిపెట్టినవాడు విలియం లిల్లీ. అతడు 1602లో డైస్‌వర్త్ అను పల్లెలో పుట్టి, లండను నగరములో పేరుపొంది, 1647లో పెద్ద గ్రంథమొకటి అచ్చువేయించెను. దాని పేరు వినినయెడల నీవు ఉలికిపడుదువు. "క్రిస్టియన్ అస్ట్రాలజీ", అనగా క్రైస్తవ జ్యోతిషము! ఆ దినములలో ఆ దేశమున రాజునకును పార్లమెంటునకును యుద్ధము జరిగెను. కుమారుడు ఏ పొలములో పడిపోయెనో తల్లికి తెలియని కాలమది. దొరలును దాసీలును నావికుల భార్యలును లిల్లీ వాకిట నిలిచి, ఓడ తిరిగి వచ్చునా, భర్త బ్రదికియున్నాడా, పోయిన సొమ్ము దొరకునా అని అడిగిరి. అతని సొంత చేపల కథ కూడ ఆ గ్రంథములో నున్నది. లెంటు దినముల కొరకు లండనులో కొన్న చేపలు పడవమీద వచ్చి, గిడ్డంగిలోనుండి దొంగిలింపబడెను. అది 1638 ఫిబ్రవరి మాట. లిల్లీ ఆ గడియకు రాశిచక్రము వేసి, వెదకి, మిగిలినంత మట్టుకు తిరిగి తెచ్చుకొనెను. ఎవరింటనైనను చేపలు వండినప్పుడు వాసన రాశిచక్రముకంటె ముందుగా చెప్పునని నా తలంపు. పోనిమ్ము.

చంద్రుడు శూన్యగమనములో నున్నప్పుడు కార్యము అతికష్టముమీద గాని సాగదని లిల్లీ నియమము పెట్టెను. పెట్టి ఊరకుండలేదు. ఆ చంద్రుడు వృషభములోగాని, కర్కాటకములోగాని, ధనుస్సులోగాని, మీనములోగాని ఉన్నయెడల కొంత పని జరిగించునని మినహాయింపు కూడ చేర్చెను. వృషభము చంద్రునికి ఉచ్చ, కర్కాటకము సొంతయిల్లు, మిగిలిన రెండును గురుని యిండ్లు. మన సిద్ధాంతులును ఈ యిండ్లను ఇట్లే చెప్పుదురు. పండ్రెండిటిలో నాలుగు రాసులకు శూన్యము సంపూర్ణ శూన్యము కాదన్నమాట. లిల్లీ మోసగాడని నేననను. ఎన్నో ప్రశ్నలు విని, నియమము ప్రకారము "జరుగదు" అనవలసినచోట జరుగుట చూచినవాడే అట్టి మినహాయింపును నిలుపుకొనును.

ఇప్పుడు ఆకాశములోని శూన్యమెట్టిదో చూతము. లిల్లీ చంద్రుడు మాట కలుపుటకు సూర్యుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని అని ఆరుగురే ఉండిరి. 1781 మార్చి 13 రాత్రి ఇంగ్లాండులోని బాత్ పట్టణమున విలియం హెర్షెల్ అను సంగీతకారుడు తన పెరటిలో నిలిచి, తానే అద్దము అరగదీసి చేసికొన్న దూరదర్శినితో ఆకాశమును పరీక్షించుచుండెను. ఆదివారము చాపెలులో ఆర్గను వాయించు మనిషి ఆయన. నక్షత్రమునకంటె వెడల్పుగానున్న చుక్క యొకటి కనబడెను. తోకచుక్క యనుకొనెను. అది గ్రహము, యురేనస్ అని దానికి పేరు. 1846లో లెక్కలు కట్టి, చెప్పినచోటనే చూచి, నెప్ట్యూనును పట్టుకొనిరి. 1930లో అమెరికా దేశపు ఆరిజోనాలో క్లైడ్ టాంబో అను రైతుబిడ్డ ప్లూటోను కనుగొనెను. 2006లో శాస్త్రజ్ఞులు కూడి ప్లూటోను గ్రహముల వరుసలోనుండి తీసి మరుగుజ్జు గ్రహముల వరుసలో పెట్టిరి.

జ్యోతిష్కులలో అనేకులు ఈ క్రొత్త గ్రహములను తమ లెక్కలో చేర్చుకొనిరి, కొందరు చేర్చుకొనలేదు. చేర్చుకొన్నవారి లెక్క ప్రకారము ఆలోచించుము. 1647లో లిల్లీ "శూన్యము" అని వ్రాసిన గడియలలో అనేకములందు చంద్రుడు యురేనసుతోనో నెప్ట్యూనుతోనో మాట కలుపుచునే యుండెను. అవి అప్పుడును ఆకాశములో నున్నవి; చూచినవారు లేరు, అంతే. ఖాళీ ఎక్కడ నుండెను? ఆకాశములో కాదు, లిల్లీ చేతిలోని జాబితాలో నుండెను. ఓడ తిరిగివచ్చునా అని అడిగి, "ఏమియు జరుగదు" అను మాట విని, కన్నీళ్లు తుడుచుకొనుచు ఇంటికి పోయిన స్త్రీని తలంచుము. ఆమె దుఃఖమునకు ఆధారము ఇంకను ఎవరును చూడని చుక్క యొకటి జాబితాలో లేకపోవుటయే.

మరియొక చిక్కు కలదు. పాశ్చాత్యుల మేషము మొదలగు చోటికిని మన పంచాంగపు మేషము మొదలగు చోటికిని ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా యున్నది. చంద్రుడు మేషములో అడుగుపెట్టెను, శూన్యము తీరెను అని వారు చెప్పిన గడియకు, మన సిద్ధాంతి లెక్కలో అతడింకను మీనములోనే యుండును. మన మేషము చేరుటకు మరి రెండు దినములకు కొంచెము తక్కువ పట్టును. చంద్రుడొక్కడే, రాత్రి యొక్కటే. ఒకరి సరిహద్దు ప్రకారము సంచి వట్టిది, మరియొకరి సరిహద్దు ప్రకారము నిండినది.

"అదంతా పరదేశుల గొడవ, మనకేల?" అని నీవడుగవచ్చును. మనకును సంబంధమున్నది. ఈ శూన్యగమనపు మాట ఇంగ్లీషువారిది కాదు. అంతకు వెయ్యేండ్లకు పూర్వమే గ్రీకు జ్యోతిష్కులు దానిని "కెనోడ్రోమియా" అనిరి. వట్టి పరుగు అని అర్థము. వారి కొలత వేరు. చంద్రుడు రానున్న 30 డిగ్రీల నడకలో ఏ గ్రహముతోను కలియకుండుటయే వారి శూన్యము. అట్టిది అరుదుగా వచ్చును. ఆ మాట ఓడలెక్కి మన దేశమునకు వచ్చి సంస్కృతములో "కేమద్రుమ" మాయెనని పండితులు చెప్పుదురు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుని బృహజ్జాతకములో కేమద్రుమ యోగమున్నది. చంద్రునికి ముందు రాశిలోను వెనుక రాశిలోను, సూర్యుడు తప్ప, ఏ గ్రహమును లేనియెడల అది కేమద్రుమము. ఆ యోగమున పుట్టినవాడు రాజుల యింట పుట్టినను దరిద్రుడై దుఃఖపడునని చెప్పుదురు. దానికిని భంగములున్నవి, ఫలానా చోట ఫలానా గ్రహమున్నయెడల ఆ దోషము పోవునని.

ఒక్క మాటయే ప్రయాణమై రెండు దేశములలో రెండు రూపములెత్తెను. అక్కడ లిల్లీ చేతిలో ముఖ్యముగా గడియకు అంటుకొనెను. గడియయైతే దాటిపోవును. ఇక్కడ పుట్టిన బిడ్డకు అంటుకొనెను. బిడ్డ దాటిపోదు.

ఇప్పుడు నా సంగతి చెప్పుదును.

నేను కాపరిగానున్న పల్లెలో మన సంఘస్థుల యింట ఒక మగబిడ్డ పుట్టెను. బాప్తిస్మము నేనే ఇచ్చితిని. ఆ బిడ్డ మేనమామ, ఎవరితోను చెప్పకుండ, జనన సమయము కాగితముమీద వ్రాసికొనిపోయి పొరుగూరి సిద్ధాంతిగారికి చూపించెను. ఆయన కేమద్రుమమనెను. "భంగం కూడా ఉందేమో చూడాలి, మళ్లీ రండి" అని కూడ ఆయన చెప్పినట్లు ఆ మేనమామయే చాలకాలమునకు నాతో ఒప్పుకొనెను. ఇంటికి చేరినది మాత్రము మొదటి మాట. మరల ఎవరును పోలేదు.

ఆ యింట ఎవరును పిల్లవానిని కొట్టలేదు, తిట్టలేదు. అన్నము తక్కువ పెట్టలేదు. అయిదవ తరగతి దాటగానే గేదెల వెంట పంపిరి, అంతే. తమ్ముని మాత్రము పట్నములో హాస్టలులో చేర్చిరి. "పెద్దవాడికి ఏం చదివించినా అంటదంటండీ అయ్యగారూ, చిన్నవాడైనా పైకొస్తే చాలు" అని వాని నాయనమ్మ గుడి మెట్లమీద కూర్చుండి నాతో చెప్పెను. ఎందుకంటదు అని నేనడుగలేదు. ఎందుకో నాకు తెలియును. సండేస్కూలులో వాక్యములు అందరికంటె ముందుగా అప్పగించిన పిల్లవాడు వాడే. ఆ యేడు గుడి పైకప్పునకు రేకులు వేయించుటకు ఆ యింటివారే పెద్ద చందా వ్రాసియుండిరి. వారి మనస్సు నొప్పించుట ఎందుకని ఊరకుంటిని. తరువాత చెప్పుదునులే అనుకొంటిని. ఆ తరువాత అనునది రాలేదు. ఆదివారము ప్రసంగపీఠము మీద విగ్రహములనుగూర్చి గట్టిగా మాటలాడుచునే యుంటిని.

వాడు పెరిగెను. కూలిపనికి పోయెను, పెండ్లి చేసికొనెను, గుడి గంట కొట్టు పని తనంతట తానే పెట్టుకొనెను. ఒక బుధవారపు కూడికలో "అబ్బాయీ, నీవు ప్రార్థన చేయి" అని వానిని పిలిచితిని. వాడు నవ్వి, "నేనెందుకులెండి అయ్యగారూ, నాది ఖాళీ జాతకమండి. ఇంకెవరినైనా చెయ్యమనండి" అనెను. నవ్వుచునే అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చదువరీ, ఆ మాట నిజమాయెనని ఊరివారందురు. సిద్ధాంతి చెప్పినట్లే వాడు పైకి రాలేదు గదా! పైకి రాకుండ చేసినది ఎవరు? చంద్రుడు బడి ఫీజు ఆపలేదు. చంద్రుడు గేదెల త్రాళ్లు వాని చేతికియ్యలేదు. ఫలింపదని చెప్పి నీరు కట్టిపెట్టిన పైరు ఎండిపోయినప్పుడు, ముందుగా చెప్పినవాని జ్ఞానమును మెచ్చుకొందుమా? నీరు కట్టిపెట్టినవారిలో నేనును ఒకడను.

గడియల సంగతియు ఇట్లే. ఆసుపత్రికి తీసికొనిపోవు బండి వాకిట నిలిచియుండగా, "వర్జ్యం ఇంకో అరగంటే ఉంది, అది వెళ్లాక బయల్దేరదాం" అని నొప్పులు పడుచున్న కోడలిని గడపలోపలనే ఉంచిన యిల్లు నేనెరుగుదును. దేవుని కృపచేత ఆమెయు బిడ్డయు క్షేమముగానున్నారు. వర్జ్యము దాటి వెళ్లినందుననే క్షేమము కలిగెనని ఆ యింటివారు నేటికిని చెప్పుదురు. ఇట్టి నమ్మకమునకు ఓటమి లేదు. మేలు కలిగితే గడియ మంచిది, కీడు కలిగితే గడియ చెడ్డది. మనము చేసినది, చేయనిది లెక్కలోనికే రాదు. మనకు దానిమీద నున్న ప్రీతికి సగము కారణము ఇదియే అని నా అనుమానము. "నేను చేయలేదు" అనుటకంటె "సమయము కలిసిరాలేదు" అనుట నోటికి సుళువు.

అయితే సమయమన్నది లేనేలేదని నేను చెప్పుటలేదు. ప్రతిదానికి సమయము కలదని ప్రసంగి గ్రంథము చెప్పినది రైతుకు క్రొత్త సంగతి కాదు. మృగశిర కార్తె రాకమునుపు విత్తనము చల్లుకొని వాన కొరకు ఏడ్చినవాడు అది ఎరుగును. సముద్రతీరపు సహోదరులు పోటు చూచి పడవ దించుదురు. ఆ పోటును లాగునది చంద్రుడే. ఆ సమయములకు నేల సాక్ష్యమిచ్చును, నీరు సాక్ష్యమిచ్చును. మట్టి పిడికిట పట్టి పదునున్నదో లేదో చూడవచ్చును. గోడమీది చిన్న అక్షరములను ఏ మట్టిలో పిడికిట పట్టి చూతుము?

మరియొక న్యాయము కూడ పాశ్చాత్యులకు చేయవలెను. ఇప్పటి వారిలో కొందరు శూన్యగమన వేళను భయపడవద్దనియు, క్రొత్త పని పెట్టుకొనక విశ్రమించుమనియు, సగములోనున్న పాత పని ముగించుకొనుమనియు, ధ్యానము చేసికొనుమనియు చెప్పుచున్నారు. అందులో మనుష్యుని ఆకలి యొకటి కనబడుచున్నది. ఎవరును పిలువని, ఎవరికిని జవాబు చెప్పనక్కరలేని కాస్త ఖాళీ కావలెనని అందరికి నున్నది. మన దేవుడును ఆరు దినముల పిమ్మట ఒక ఖాళీ దినమునిచ్చెను. దానిని శాపముగా కాదు, దీవెనగా ఇచ్చెను. ఖాళీ యంతయు చెడ్డది కాదు.

కాని విశ్రాంతికిని భయమునకును ఒక గురుతు కలదు. విశ్రాంతిదినమున ఒకని యెద్దు బావిలో పడినయెడల వెంటనే పైకి తీయడా అని మన ప్రభువు అడిగెను. పల్లెటూరివానికి ఈ ప్రశ్న చాలును. విశ్రాంతి త్రాడు తీసికొని పరుగెత్తనిచ్చును. భయము మాత్రము, గడియ చూచి రమ్మని, బావి ఒడ్డున నిలుపును. నీవు పాటించుచున్న దినము ఈ రెంటిలో ఏదో తెలియవలెనన్నయెడల, నీ యెద్దు బావిలో పడినదనుకొని చూచుకొనుము.

ఇక్కడ మనవారి సంగతి ఒకటి చెప్పక తప్పదు. కొందరికి కోపము వచ్చును, రానిమ్ము. క్రొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో పళ్లెములో వాగ్దాన కార్డులు పెట్టి తలయొకటి తీయుచున్నాము. వాక్యమును జ్ఞాపకముంచుకొనుటకైతే మంచిదే. కాని తీసిన కార్డులో గద్దింపు కనబడినప్పుడు మెల్లగా దానిని పళ్లెములో పెట్టి మరియొకటి తీసిన చేతులు నేను చూచితిని. "ఈ యేడు నాకు బాగాలేదండీ, కార్డు అలా వచ్చింది" అని జనవరి మొదటి వారములోనే దిగులుపడిన చెల్లెలితో మాటలాడితిని. పంచాంగము మార్చుకొంటిమి గాని కన్ను మార్చుకొనలేదు. దినములను నెలలను ఆచరించుచున్నారని గలతీయులనుగూర్చి పౌలు భయపడినది అన్యులకొరకు కాదు, సంఘముకొరకే.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వత్తము. ఒకవేళ ఇదంతయు నిజమే యనుకొందము. చంద్రుడు వట్టి సంచితో పోవు గడియ యొకటి నిజముగా నున్నది, ఆ గడియలో చేసినది ఏదియు ఫలింపదు అనుకొందము. అప్పుడేమి? వైద్యులు ఆశ విడిచిన బిడ్డ పెదవులను తడిగుడ్డతో తడుపుచు తెల్లవార్లు కూర్చున్న తల్లిని నీవు చూడలేదా? ఆ పని వలన ఏమియు కలుగదని ఆమెకు తెలియును. ఆ తడిగుడ్డ వ్యర్థమని ఆమెతో ఎవరు చెప్పగలరు? ఫలించునా అని అడిగి చేయవలసిన పనులు లోకములో చాలనున్నవి. బేరమును వ్యవసాయమును అట్టివే. అడుగకుండ చేయవలసినవియు కొన్ని యున్నవి. మన లోభము మొదటివాటి లెక్కను రెండవవాటిమీదికి తెచ్చును.

సిలువ మరునాటి శనివారమును జ్ఞాపకము చేసికొనుము. సువార్తలలో అంత ఖాళీగా కనబడు దినము మరియొకటి లేదు. శిష్యులు తలుపులు మూసికొనిరి. గలిలయనుండి వచ్చిన స్త్రీలు ఆజ్ఞ చొప్పున ఆ దినము విశ్రమించిరి. కాని విశ్రమించుటకు ముందు సుగంధద్రవ్యములు సిద్ధపరచుకొనియుండిరి. ఆదివారము తెల్లవారకమునుపే వాటిని పట్టుకొని బయలుదేరిరి. చనిపోయినవానికి పూయు పరిమళమువలన ఏమి కలుగును? సమాధి రాయి ఎవరు పొర్లింతురో కూడ వారికి తెలియదు. దారిలో ఆ మాటయే అనుకొనిరి. తీరా పోయిన తరువాత ఆ ద్రవ్యములు అక్కరకు రాలేదు. పూయుటకు దేహము అక్కడ లేదు. లిల్లీని అడిగియుండినయెడల, "ఈ ప్రయాణమువలన ఏమియు జరుగదు" అని చెప్పియుండును. ద్రవ్యముల మట్టుకు అతని మాట సరియే. వారు తెచ్చిన పని జరుగలేదు. అయినను తెల్లవారకమునుపు ఆ తోటలో నుండినది వారు. ఇంటిలో తలుపులు మూసికొన్న పదకొండుమంది కారు.

ఈ సంగతిని నేను ఎన్నోసార్లు ఈస్టరునాడు ప్రసంగించితిని. గంట కొట్టు ఆ అబ్బాయికి మాత్రము చెప్పలేదు.

నిరుడు జూను నెలలో ఒక ఉదయము వాడు మా యింటికి వచ్చెను. కూతురు వెంట నుండెను, ఆరేండ్ల పిల్ల. అరుగుమీద నిలిచి జేబులోనుండి మడతలు నలిగిన కాగితము తీసెను. కాన్పు దినమున ఆసుపత్రి నర్సమ్మ వ్రాసియిచ్చినది. తేదీ, సమయము నిమిషములతో సహా ఉన్నవి.

"అయ్యగారూ, మా మామయ్య దీన్ని చూపించుకు రమ్మంటున్నాడండి. బళ్లో వెయ్యాలా, ఇంట్లో ఉంచాలా తేల్చుకోవచ్చంట. మీరేమంటారండి?"

నేను వానిని కూర్చుండుమని చెప్పితిని. ముప్పది యేండ్ల క్రిందట గుడి మెట్లమీద నేనడుగని ప్రశ్నను, ఊరకుండిన కారణమును, రేకుల చందాతో సహా, వానికి చెప్పితిని. చెప్పుటకు చాలసేపు పట్టెను. వాడు తల వంచుకొని వినెను. క్షమించితినని గాని క్షమింపలేదని గాని అనలేదు. కొంతసేపటికి, "అప్పుడు నాకు లెక్కలు బాగా వచ్చేవండి" అని మాత్రము అనెను.

పిల్ల అరుగు చివర కూర్చుండి కాళ్లూపుచుండెను. నేను చెప్పులు వేసికొంటిని. ముగ్గురము బడికి నడచిపోతిమి. హెడ్మాస్టరుగారు దరఖాస్తు తీసి నా ముందు పెట్టెను. ఆ నలిగిన కాగితమును బల్లమీద సాపుచేసి పెట్టుకొని, దానిలోని తేదీని చూచి నేనే వ్రాసితిని. గంట, నిమిషము వ్రాయుటకు ఆ దరఖాస్తులో గడి లేదు.